నాలుగడుగుల తొట్టి

"నాయనకి ముగ్గుపిండి ఎవురిచ్చినారు?"

మునికుమార్ అరుపుకి దొడ్లో గింజలేరుకుంటున్న కోళ్ళు గోడెక్కాయి. వంటింట్లోంచి కోడలు పవిత్ర, వసారాలోంచి మనవరాలు లోహిత తొంగిచూశారు. ఆనందమ్మ మాత్రం కదల్లేదు. చేటలో రాగులు చెరుగుతూ అక్కడే కూర్చుంది.

"నేనే ఇచ్చినా," అంది. "మొగుడు ముగ్గుపిండి అడిగితే లేదని చెప్పేదానికి కారణం కనపళ్ళేదు నాకు."

దొడ్డి నడుమ తెల్లగా ఒక పెద్ద పలక గీసి ఉంది. పొడవు పదడుగులు, వెడల్పు ఆరున్నర. తిరుమలయ్య ఒకప్పుడు సత్యవేడు చుట్టుపక్కల బావులు తవ్విన మనిషి. అరవై ఆరేళ్ళొచ్చి మోకాళ్ళు మొరాయిస్తున్నా, చెయ్యి మాత్రం ఇంకా మాట వింటోంది. తాడు పట్టకుండా గీసిన గీత ఎక్కడా వంకరపోలేదు.

"అంటే తొట్టి ఖాయమేనా? నేను వద్దన్న మాటకి విలువ లేదా ఈ ఇంట్లో?"

"మనవరాలికి మాటిచ్చినాడు. ఎండాకాలం సెలవుల్లో బిడ్డ నీళ్ళాడుకుంటాదని..."

"సోమవారం ఎంక్వైరీ పెట్టుకోని మనకి ఈత కొలను కావాల్సొచ్చిందా అమ్మా? ఈ ఊర్లో యా ఇంట్లోనన్నా ఉండాదా అట్లాంటిది? తొట్టి దిగితే ఊరంతా గోడెక్కి సూస్తాది. పది మంది నోట్లో పడే టైమా ఇది?"

"మెల్లగా మాట్లాడు. ఆయన విన్నాడంటే?"

"యాడుండాడు ఆయన?"

ఆనందమ్మ చేట కింద పెట్టింది. ఈ ప్రశ్న రాకూడదనే ఇంతసేపూ కోరుకుంది.

"పార కావాలని మునిచంద్ర ఇంటికి పోయినాడు."

మునికుమార్ గోడ వైపు తిరిగాడు. చిన్నాయన కొడుకు మునిచంద్ర ఇల్లు గోడకవతలే. తొమ్మిది రోజులుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. నిన్న టీ అంగడి ముందర మునికుమార్ అతని చొక్కా పట్టుకున్నాడు. ఇవేవీ తెలియని పెద్దాయన పార అడుక్కోవడానికి నేరుగా ఆ గడపే తొక్కాడు.

తెలియనివ్వకుండా దాచినవాళ్ళు తల్లీ, కొడుకూ, కోడలే మరి. తప్పు ఎవరిదని అడగాలి?

తొమ్మిది రోజుల కిందట విద్యాశాఖ ఆఫీసులో పనిచేసే స్నేహితుడొకడు మునికుమార్‌కి ఫోన్ చేశాడు. మూడోసారి పరీక్ష రాసి, ముప్పై నాలుగో ఏట, ఎస్సీ కోటాలో టీచరు ఉద్యోగానికి ఎంపికైన సంతోషం ఇంకా ఇంట్లో ఆరనే లేదు. "మీ ఇంట్లోవాళ్ళు చర్చిలో కలిసినవాళ్ళని ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. నువ్వూ కలిసినావని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. సోమవారం విచారణకి మీ ఇంటికే వస్తారు" అని ఆ స్నేహితుడు చెప్పాడు. ఉత్తరంలో రాసినవాడి పేరు లేదు. మునికుమార్ పేరు మాత్రం స్పష్టంగా ఉంది.

ఆనందమ్మ చర్చికి పోతుందన్నది ఊరందరికీ తెలిసిందే. కానీ తిరుమలయ్య బాప్తిస్మం తీసుకోలేదు. కొడుక్కి తన తల్లి మొక్కిన మునీశ్వరుడి పేరే పెట్టుకున్నాడు. కొడుకూ తీసుకోలేదు, కోడలు పవిత్ర గుడికి పోయే పిల్ల. "నాయన కలవలేదు, నేను కలవలేదు, అంతవరకూ నన్ను ఎవురూ ఏమీ చెయ్యలేరు" అని మునికుమార్ రోజుకు పదిసార్లు తనకు తానే చెప్పుకుంటున్నాడు. పెద్దాయనకు బీపీ ఉంది కాబట్టి ఉత్తరం మాట ఆయన చెవిన పడకూడదని ముగ్గురూ అనుకున్నారు.

రాసింది మునిచంద్రేనని మునికుమార్ తేల్చేశాడు. గోడ తగాదా ఉంది, అతనికి ఉద్యోగం రాలేదు, ఇంకేం సాక్ష్యం కావాలి? ఆనందమ్మ కూడా నమ్మింది. ఈ తొమ్మిది రోజులూ ప్రార్థనలో మునిచంద్ర పేరెత్తి మరీ దేవుడికి మొర పెట్టుకుంది. అవి మంచి మాటలేమీ కావు.

భుజాన పార వేసుకుని తిరుమలయ్య వాకిట్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మునిచంద్ర ఏంటికో ముఖం ముడుసుకోని ఉండాడు రా. పార మాత్రం ఇచ్చినాడు. వాడికి ఒంట్లో బాగాలేదేమో, ఒకసారి పోయి పలకరించి రా."

మునికుమార్ లోపలికి పోయాడు.

*

తొట్టి ఎంపిక మొదలై పది రోజులైంది. ఇంట్లో పెళ్ళిచూపులకు కూడా ఇంత రాద్ధాంతం జరగలేదు. లోహితకు ఏడేళ్ళు. దాని దృష్టిలో అది 'పూల్'. ఆనందమ్మకు తొట్టి. మునికుమార్‌కు తలనొప్పి.

మధ్యాహ్నం సంగటి తిన్నాక వసారాలో పవిత్ర మళ్ళీ ఫోన్ తీసి మామగారి ముందు పెట్టింది.

"ఇది సూడు మామా. గాలి కొట్టే రకం. పైనుండే అంచుకి గాలి కొడితే సాలు, నీళ్ళు పడేకొద్దీ గోడలు అవే పైకి లేస్తాయంట. రెండడుగుల ఎత్తు. లోహితకి నడుందాకా వస్తాది."

"రెండడుగుల్లో ఏం మునుగుతారమ్మా?"

"మునిగేదెందుకు? ఆడుకునేదానికి గదా."

తిరుమలయ్య నీళ్ళు నమిలాడు. "అదికాదులే. గాలిది అయితే మన మేక ఒక్కసారి కొమ్ముతో పొడిస్తే అయిపోయె. అంచు మీద మనిషి ఆనుకున్నా నీళ్ళు బయటికి పోతాయి. నాకు ఆ షాపబ్బాయి చెప్పినాడు. ఇనుప పైపుల్ది కావాల."

"సరే, పైపుల్దే సూద్దాం. ఇది గుండ్రంగా ఉండాది. గుండ్రమయితే నీళ్ళ బరువు అన్ని పక్కలా సమానంగా పడతాదంట, గట్టిదంట."

"గుండ్రం వద్దు. పలకగానే ఉండాల. మనిషి పొడుగ్గా..." ఆగాడు. "కాళ్ళు సాపుకునేదానికి వీలుండాల."

"ఎవురి కాళ్ళు మామా?"

లోహిత కిసుక్కుమంది. "తాత కాళ్ళే! తాత కూడా ఈత కొడతాడంట, అవ్వా!"

ఆనందమ్మకూ నవ్వొచ్చింది. బావుల్లో బతికిన మనిషికి నీళ్ళ మీద మోజు చావలేదు కాబోలు, మనవరాలి పేరు చెప్పి తన ముచ్చట తీర్చుకుంటున్నాడు అనుకుంది. డాక్టరు కూడా మోకాళ్ళకు నీళ్ళలో నడిస్తే మంచిదన్నాడు. అడగడానికి సిగ్గుపడి పసిదాన్ని అడ్డం పెట్టుకున్నాడని మురిసిపోయింది. నలభై ఒక్కేళ్ళు కాపురం చేసిన ఆడదానికి మొగుడి మనసు తెరిచిన పెట్టె అని ఒక నమ్మకం ఉంటుంది. ఆనందమ్మకు ఆ నమ్మకం కాస్త ఎక్కువే.

"ఎత్తు మాత్రం నాలుగడుగులు ఉండాల," అన్నాడు తిరుమలయ్య.

పవిత్ర ఫోన్ పక్కన పెట్టేసింది. "నాలుగడుగులా? లోహిత నిండా నాలుగడుగులు లేదు మామా. తల మునిగిపోతాది."

"నీళ్ళు కొంచెమే పోద్దాం బిడ్డకి. దానికి కావాల్సినప్పుడు తక్కువ, మనకి కావాల్సినప్పుడు నిండా."

"మనకేల కావాల?"

"సూద్దాంలే."

ఆ 'సూద్దాంలే'తో ఆయన ఎన్ని మాటలకు మూత వేశాడో ఆనందమ్మకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట తడ దగ్గర ఉప్పునీళ్ళలో ఆమె బాప్తిస్మం తీసుకున్నప్పుడు, గట్టున పొడి చీర పట్టుకుని నిలబడింది ఈయనే. "నువ్వెప్పుడయ్యా?" అని ఆ రోజు అడిగితే సూద్దాంలే అన్నాడు. ఆ తరవాత ఏటా క్రిస్మస్‌కి అడిగింది, ఈస్టర్‌కి అడిగింది. పాస్టర్లు ముగ్గురు మారారు. జవాబు మారలేదు. నాలుగైదేళ్ళుగా అడగడం మానేసింది కానీ ప్రార్థించడం మానలేదు.

గదిలోంచి మునికుమార్ గొంతు వచ్చింది. "నీళ్ళకి యాడికి పోతావు నాయనా? ఎండాకాలం. దోమలు. పక్కిళ్ళోళ్ళు ఏమనుకుంటారు?"

"మన బోరు నీళ్ళే గదరా. వాడినాక తోటకి పారిస్తా."

"వచ్చే నెల కొందాం."

"ఈ ఆదివారానికే కావాల."

"ఆదివారం ఏముండాది?"

తిరుమలయ్య వినిపించనట్టు పార తీసుకుని దొడ్లోకి పోయాడు.

*

తిరుమలయ్య ముందే ఫోన్లో పురమాయించిన షాపబ్బాయి ధర్మేంద్ర నాలుగు గంటలకు తిరుపతి నుంచి వచ్చాడు. పాతికేళ్ళవాడు, చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. బండి వెనక ఒక పొడుగాటి అట్టపెట్టె, చేతిలో టేపు. ఆనందమ్మ ఇచ్చిన మజ్జిగ గటగటా తాగి, పని మొదలుపెట్టాడు. మేస్త్రీలు వాడే సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస తిరుమలయ్య చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని పలక నాలుగు మూలలా మట్టం చూశాడు.

"తూర్పు పక్క మూడు వేళ్ళ మందం పల్లం ఉండాది పెద్దాయనా. ఇట్లానే పెడితే నీళ్ళ బరువంతా ఆ పక్కకే తోస్తాది. నిండితే ఆరు టన్నులు. పైపులు వంగిపోతాయి."

"పల్లం పక్క మన్ను పోసి తొక్కేదా?"

"పోసిన మన్ను కుంగిపోతాది. మెరకగా ఉండే పక్కే సెక్కాల. సెక్కినాక ఇసక పరిచి, పైన టార్పాలిన్. మీకు సెప్పాల్నా, బావులు తవ్వినోళ్ళకి."

తిరుమలయ్య పొంగిపోయాడు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పార వేశాడు. గడప మీద నిలబడ్డ మునికుమార్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పవిత్ర అతని వెనక ఉంది. లోహిత అట్టపెట్టె మీది బొమ్మలో ఈత కొట్టే పిల్లల్ని లెక్కపెడుతోంది.

"నిచ్చెన సంగతి," అన్నాడు ధర్మేంద్ర. "లోపల మూడు మెట్లు, బయట మూడు మెట్లు. మోకాళ్ళ నొప్పి అన్నారు గదా, పట్టుకునేదానికి రెండు పక్కలా కమ్మీ ఉండేది తెచ్చినా."

"అన్నీ మతికి పెట్టుకున్నావబ్బా నువ్వు."

"పెట్టుకోకుండా ఎట్లా? మీరు ఫోన్లో నాలుగుసార్లు అడిగినారు గదా. ఒకాయన పక్కన నిలబడి ఇంకొకాయన్ని వెనక్కి వాల్చి ముంచితే, తల కమ్మీకి తగలకుండా ఉంటాదా అని. మా ఓనర్ని అడిగినా. పోయినేడు ఒక చర్చికి ఇదే ఇచ్చినామంట. బాప్తిస్మానికయితే ఇదే సరిపోతాది, నీళ్ళు రొమ్ముదాకా వస్తాయన్నాడు. శనివారం నుంచి నీళ్ళు పెడితే, ఆదివారం పొద్దునకి మీరు దిగేయొచ్చు."

పార చప్పుడు ఆగింది.

ఆనందమ్మ చేతిలోని మజ్జిగ చెంబు జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. ఆమెకు వినిపించినవన్నీ తెలిసిన మాటలే, అయినా వాటి అర్థం తలకెక్కడానికి చాలాసేపు పట్టింది.

"ఎవురికి బాప్తిస్మం?" అన్నాడు మునికుమార్. గడప దిగి వచ్చాడు.

ధర్మేంద్ర ఒకరి ముఖం తరవాత ఒకరి ముఖం చూశాడు. ఎక్కడో కాలు జారిందని అర్థమైంది. "పెద్దాయనకే గదన్నా? ఆయనే చెప్పినాడు... ఇంట్లో తెలుసనుకున్నా."

తిరుమలయ్య తల ఎత్తలేదు. పార అంచుకు అంటిన మన్ను బొటనవేలితో గీకుతున్నాడు.

"నాయనా. వాడు చెప్పేది నిజమా?"

"నిజమే రా."

అంతే అన్నాడు. మళ్ళీ పార ఎత్తాడు. పవిత్ర లోహితను దగ్గరకు లాక్కుంది. ధర్మేంద్ర గొంతు సవరించుకుని, పెట్టె ఇక్కడే ఉంచుతానని, పొద్దున్నే ఇంకో మనిషితో వచ్చి బిగిస్తానని ఎవరి వైపూ చూడకుండా చెప్పి, బండెక్కి పోయాడు.

*

మునికుమార్ తల్లి రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాడు. తలుపు వేశాడు.

"నువ్వే చేయించినావు."

"నాకు తెలీదు రా."

"నలభై ఏండ్లుగా ఆయన ప్రాణం తింటా ఉండావు. నీకు తెలీకుండా ఎట్లా జరుగుతాది?"

"ఒట్టు రా. నాకు ఇప్పుడే... ఆ అబ్బాయి చెప్పినప్పుడే..."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో సంతోషం ఉందని కొడుక్కి తెలిసిపోతుందేమోనని భయం కూడా వేసింది. ఉంది మరి. ఎందుకు లేదనాలి? ముప్పై ఎనిమిదేళ్ళు దేనికోసం మోకాళ్ళూనిందో, అది ఆమె దొడ్లోకే పెట్టెలో పెట్టుకుని వచ్చింది. కానీ రాకూడని వారంలో వచ్చింది.

"అమ్మా, విను." మునికుమార్ గొంతు తగ్గించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు చర్చికి పోయినావు, నేనెప్పుడన్నా అడ్డమొచ్చినానా? నీ దేవుడి మీద నేనెప్పుడన్నా మాట తూలినానా? కానీ సోమవారం వచ్చే ఆయన దొడ్లో ఆ తొట్టి సూస్తాడు. ఆదివారం పాస్టరు వస్తాడు, పదిమంది వస్తారు, పాటలు పాడతారు, ఎవుడో ఒకడు ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. అమ్మ కలిసింది, నాయన కలిసినాడు, నేనొక్కణ్ణి కలవలేదంటే ఎవురు నమ్ముతారు? మునిగేది ఆయనొక్కడే కాదమ్మా. ఇంటిల్లిపాదీ మునుగుతాం."

ఆనందమ్మ పోయే చర్చిలో బాప్తిస్మాన్ని 'మునగడం' అనే అంటారు. 'ఆయన మునిగినాడా?' అని ఆడవాళ్ళు అడిగినప్పుడల్లా ఆమె తల దించుకునేది. అదే మాట ఇప్పుడు కొడుకు నోట్లోంచి ఇంకోలా వచ్చి తగిలింది.

"ఏం చెయ్యమంటావు రా నన్ను?"

"వద్దని చెప్పు. నేను చెప్తే తగాదా అయితాది. నువ్వు చెప్తే వింటాడు."

"నేనా? నేను వద్దని చెప్పాల్నా?"

"ఉత్తరం మాట మాత్రం చెప్పొద్దు. బీపీ పెరుగుతాది."

"మరి ఎందుకు వద్దంటే ఏం చెప్పాల?"

మునికుమార్ తలుపు వైపు చూశాడు. ఆనందమ్మ కొడుకు ముఖం చూసింది. మూడు పరీక్షలు, పదేళ్ళ ట్యూషన్లు, రేణిగుంట గోడౌన్లో రెండేళ్ళు మూటల లెక్క. అవన్నీ ఆ ముఖం మీద ఉన్నాయి. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని తలుపు తీసింది.

*

తిరుమలయ్య మెరక సగం చెక్కేశాడు. భార్య రావడం చూసి పార ఆనించి, చెక్కిన మన్ను గుట్ట మీద కూర్చున్నాడు. పక్కన చోటు చూపించాడు. ఆమె నిలబడే ఉంది.

"కోపమా? నీకు చెప్పలేదని?"

"ఎందుకు చెప్పలేదు?"

"ఆదివారం పొద్దున నిద్ర లేపి చెబుదామనుకున్నా. నువ్వు ఎట్లా సూస్తావో సూడాలని." నవ్వబోయాడు, కుదరలేదు. "పిల్లోడు పాడు చేసినాడు."

"ఇన్నేండ్లు అడిగితే సూద్దాంలే అన్నావు గదయ్యా."

"వద్దనలేదు గదా."

ఆనందమ్మ అతని వంక చూసింది. "అంటే?"

"నువ్వు తడలో మునిగిన రోజే నాకూ దిగాలనిపించింది ఆనందా. కానీ అప్పుటికే మీ నాయన చెప్పినాడు, ఒకరన్నా గట్టున ఉండకపోతే పిల్లోళ్ళ సదువులకి, కాగితాలకి ఇబ్బంది అయితాదని. సరే, నేనుంటాలే అనుకున్నా. వాడు బడికి పోయినాడు, కాలేజీకి పోయినాడు, ఉద్యోగం రాలేదు. ఇంకొంచెం ఆగుదాం, ఇంకొంచెం ఆగుదాం అనుకుంటానే ఉండా. ఇప్పుడు వచ్చేసింది గదా."

ఆమె ఆయన చూపించిన చోటే, మన్ను గుట్ట మీద కూలబడింది. మొండివాడని, రాయని, ఎన్నిసార్లు అనుకుంది ఈ మనిషిని! పాస్టరు ముందర కూడా ఏడ్చి చెప్పింది, నా మొగుడి గుండె కరగదయ్యా అని. ఆ మనిషి ముప్పై ఎనిమిదేళ్ళు గట్టున నిలబడి ఉన్నాడు, దిగాలని ఉండీ.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? దేవుడి కన్నా కాగితం ఎక్కువా అంటావు."

అనేదే. ఆ వయసులో తప్పకుండా అనేది. ఈ రోజు ఏమనడానికి వచ్చిందో గుర్తొచ్చి ఆనందమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అంది.

"వద్దయ్యా."

"ఏంది?"

"ఆదివారం వద్దు. ఇప్పుడు వద్దు."

తిరుమలయ్య చెవులు సరిగ్గా వినలేదన్నట్టు ముందుకు వంగాడు. "నువ్వేనా ఈ మాట అనేది?"

ఆమె తల వంచుకుంది. ఆయన పార చేతిలోకి తీసుకున్నాడు. గోడ అవతల మునిచంద్ర ఇంట్లో ఎవరో బిందె దించారు.

"వాడి ఉద్యోగం గురించా? నేనేమన్నా పిచ్చోణ్ణా ఆనందా? సెరువులో, ఊరందరి ముందర వద్దనే గదా ఇంట్లో తొట్టి తెప్పిస్తా ఉండా. నలుగురు వస్తారు, పాట కూడా వద్దని పాస్టరుకి చెప్పినా. అయినా నేను అడక్కుండా ఈ పని పెట్టుకోలేదు."

"ఎవుర్ని అడిగినావు?"

"వాడికి ఉద్యోగం ఇచ్చే ఆఫీసుకే రాయించినా. సత్యవేడులో అర్జీలు రాసేటాయనతో. ఈ పిల్లోడి తల్లి చర్చిలో కలిసి శానా ఏండ్లయింది, తండ్రి కూడా ఇప్పుడు కలవబోతా ఉండాడు, దీంతో పిల్లోడి ఉద్యోగానికి ఏమన్నా అభ్యంతరం ఉంటే తెలియజెయ్యవలసింది అని. నా పేరు వెయ్యొద్దన్నా, అనవసరంగా నలుగురి నోట్లో పడేది ఎందుకని. వాడి పేరు, నంబరు మాత్రం వేయించినా. ఎవురి కాగితమో వాళ్ళకి తెలియాల గదా? రెండు వారాలయింది. బదులు రాలేదు. అభ్యంతరం ఉంటే రాసుంటారు గదా."

ఆనందమ్మ గోడ వైపు చూసింది.

తొమ్మిది రోజులు. మునిచంద్ర చొక్కా చిరిగింది. తను మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఇంటికి కీడు జరగాలని కోరుకుంది. ఆ ఉత్తరం తన మొగుడు నెత్తిన గుడ్డ చుట్టుకుని, బస్సెక్కి పోయి, కొడుకు మేలు కోరి రాయించుకొచ్చాడు. పేరు దాచాల్సిన చోట దాచకుండా, రాయాల్సిన చోట రాయకుండా.

వెనక అడుగుల చప్పుడైంది. మునికుమార్ వంటింట్లోనే ఉండిపోలేదు. మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో అడగక్కర్లేదు. మనిషి ముఖంలో నెత్తురు లేదు.

"నువ్వా నాయనా?" అన్నాడు. "ఆ ఉత్తరం నువ్వా?"

"ఏ ఉత్తరం? నీకెట్లా తెలుసు?"

ఇక దాచడానికేం మిగిలింది? మునికుమారే చెప్పాడు, నిలబడ్డచోటు నుంచే, గొంతు పెంచకుండా. స్నేహితుడి ఫోను, సోమవారం విచారణ, మునిచంద్ర చొక్కా, అన్నీ చెప్పాడు. తిరుమలయ్య వింటూ వింటూ చేతిలో పార వదిలేశాడు.

"నేను... అడిగినా అంతే రా. అడిగేది కూడా తప్పా?"

పడిపోయిన పారను మునికుమార్ ఎత్తి గోడకు ఆనించాడు.

"తొట్టి ఎనక్కి పంపిచ్చేద్దాం," అన్నాడు మునికుమార్. "అది సిన్న పని. సోమవారం ఆయన వచ్చి నిన్నే అడుగుతాడు నాయనా. నన్ను కాదు. ఏం పెద్దాయనా, నువ్వు కలిసినావా అంటాడు. లేదంటావు, అది నిజమే. నమ్ముతావా అని అడిగితే?"

తిరుమలయ్య మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా లేచాడు. కొడుకు వైపు తిరగలేదు. భార్య ముందు వచ్చి నిలబడ్డాడు.

"నేను సదువుకున్నోణ్ణి కాదు ఆనందా. ఆ పుస్తకంలో ఏముండాదో నువ్వు చదివి చెప్తేనే విన్నా. నువ్వు చెప్పినావు గనక నమ్మినా." చేతుల మన్ను దులుపుకున్నాడు. "సోమవారం ఆయన అడుగుతాడంట. నమ్మలేదని చెప్పమంటావా? నువ్వు చెప్పమంటే చెప్తా. వాడి కోసం అదీ చెప్తా. కానీ ఆ మాట నువ్వే నాకు చెప్పి ఇయ్యాల."

ఆనందమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

మునికుమార్ దగ్గరకు వచ్చాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు పట్టుకున్నట్టు ఆమె కొంగు కొస పట్టుకున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు.